గాయం వెనుక ఉన్న గాయం

తమ ఒంటిమీద తామే గాయాలు చేసుకోవడం కాలేజీ పిల్లల సమస్య అని చాలామంది అనుకుంటారు. పెళ్లయి, పిల్లలు పుట్టి, ఆదివారం మన పక్కనే కూర్చొని పాటలు పాడే పెద్దవారిలోనూ ఇది ఉంది. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2014లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, చావాలనే ఉద్దేశం లేకుండా జీవితంలో ఒక్కసారైనా ఇలా చేసుకున్నామని చెప్పిన పెద్దవారు సుమారు 5.5 శాతం. ఆ లెక్కన వందమంది పెద్దలున్న చోట అయిదుగురు. వారు మనతో ఎందుకు చెప్పరు? చెబితే మనం ఏమంటామోనని భయం. కాబట్టి ముందు వారి మనసులో ఏం జరుగుతుందో తెలుసుకుందాం.

మనసులోని కారణాలు

మొదటిది, తట్టుకోలేని ఆవేదన. కోపం, దుఃఖం, అవమానం పొంగినప్పుడు గాయం కొద్దిసేపు ఊరటనిస్తుంది. ఆ ఊరటే మళ్లీ అటు లాగుతుంది. తర్వాత సిగ్గు, ఆ సిగ్గులోనుంచి మరో ఆవేదన. కొందరిలో మనసు పూర్తిగా మొద్దుబారిపోతుంది. ఏదో ఒకటి అనుభవించాలని ఇలా చేస్తారు.

రెండవది, బాధను మాటల్లో పెట్టలేకపోవడం. తనకు కలిగింది కోపమో, భయమో, దిగులో గుర్తించలేనివారు దాన్ని ఇతరులకు ఎలా చెప్పగలరు?

మూడవది, స్వీయనింద. "నేను పనికిరానిదాన్ని, నాకీ శిక్ష తగినదే" అనే ఆలోచన. ఎప్పుడూ తప్పులే ఎత్తిచూపే ప్రసంగం ఇలాంటివారి మీద ఎంత బరువు మోపుతుందో మన సేవకులు ఆలోచించాలి.

నాలుగవది, పాత గాయాలు. చిన్నతనంలో లైంగిక వేధింపులు, దెబ్బలు, నిరాదరణ అనుభవించినవారిలో ఈ ముప్పు ఎక్కువ. డిప్రెషన్, ఆందోళన, మద్యం అలవాటు, కొన్ని వ్యక్తిత్వ సమస్యలు కూడా దీనితో ముడిపడి ఉంటాయి. అయితే ఇవి ఉన్న ప్రతివారూ గాయపరచుకోరు. ఏ ఒక్కటీ పూర్తి కారణం కాదు.

"అందరూ చూడాలని చేస్తున్నారు" అనే మాట ఎక్కువమంది విషయంలో నిజం కాదు. చాలామంది దాచుకుంటారు.

దయ్యం పట్టిందా?

మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధుల మధ్య రాళ్లతో తన్ను గాయపరచుకున్న మనిషి కనబడతాడు. ఆ ఒక్క సంఘటనను పట్టుకొని ఇలాంటి ప్రతివారినీ దయ్యం పట్టినవారిగా ముద్ర వేయడం తగదు. ఊరివారు అతన్ని గొలుసులతో కట్టారు. ఆ కట్లు అతన్ని బాగుచేయలేదు. యేసు ప్రభువు అతన్ని స్వస్థపరచి, తన సొంతవారి దగ్గరకు ఇంటికి పంపారు. మనం ఎవరి పక్షాన ఉన్నాం?

మనం చేయవలసింది

గాయాలు చూపించమని బలవంతం చేయకండి. ఇక చేయనని ఒట్టు వేయించుకోకండి. ప్రార్థన మనవిగా అందరి ముందూ చెప్పకండి. ఒంటరిగా, నెమ్మదిగా వినండి. "చనిపోవాలనిపిస్తుందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం అక్కర్లేదు. గాయపరచుకునేవారిలో తర్వాత ఆత్మహత్యాయత్నం చేసే ముప్పు ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్న తప్పనిసరి. అవుననే జవాబు వస్తే వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రార్థన మానమని కాదు. ప్రార్థనతోపాటు సైకియాట్రిస్టు దగ్గరకు తోడుగా వెళ్లండి. దీనికి చికిత్స ఉంది. ఆవేదనను తట్టుకునే నైపుణ్యాలు నేర్పే ఒక చికిత్సను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్షా లినెహాన్ రూపొందించారు. అది గాయపరచుకోవడాన్ని తగ్గిస్తుందని 1991లో ప్రచురితమైన పరీక్షలో తేలింది. యౌవనంలో తానూ తనను గాయపరచుకొని ఆసుపత్రిలో గడిపానని ఆమె 2011లో బహిరంగంగా చెప్పారు. ఆమె విశ్వాసి కూడా.

టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ సేవ ఉచితం, రాత్రింబగళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును మీ మందిరం నోటీసు బోర్డు మీద రాయండి. ఆ అయిదుగురిలో ఒకరు ఎవరినీ అడగకుండానే దాన్ని చూసుకుంటారు.