నాగార్జునకొండ రక్షణ తవ్వకాలు

నాగార్జునకొండ రక్షణ తవ్వకాలు అనగా నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోనున్న కృష్ణా లోయలో 1954 నుండి 1960 వరకు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ జరిపిన సర్వే మరియు తవ్వకాలు. ఆనకట్ట, కాలువ, విద్యుత్ కేంద్రం వంటివి కట్టుటకు ముందే నేలను పరిశీలించి, అందలి ప్రాచీన అవశేషాలను నమోదు చేయుటకు ఇది మన దేశంలో ప్రసిద్ధమైన ఉదాహరణ.

నేపథ్యం

ఈ లోయలోని విజయపురి క్రీ.శ. 3-4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని. 1926లో ఎ. రంగస్వామి సరస్వతి ఇక్కడి శిథిలాలను గుర్తించారు. అనంతరం 1927-31లో లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. అప్పటి దృష్టి ప్రధానంగా బౌద్ధ స్తూపాలు, విహారాలపైననే ఉండినది.

సర్వే, తవ్వకాలు

సాధారణంగా ఒక స్థలంలో కొంత భాగాన్ని ముందు తరాల పరిశోధకుల కొరకు తవ్వకుండా విడిచిపెడతారు. ఇక్కడ ఆ అవకాశం లేదు, విడిచినదంతా నీటిపాలే. అందుచేత ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో స్తూపాలకే పరిమితం కాక లోయ మొత్తాన్ని పరిశీలించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేయగా, ఆపై నిర్మాణమూ తవ్వకమూ పక్కపక్కనే సాగినవి.

పాత రాతియుగం నుండి మధ్యయుగం వరకు వందకు పైగా స్థలాలు బయల్పడినవి. నవీన శిలాయుగపు నివాసాలు, సమాధులు, రాజధాని కోటగోడ, నది ఒడ్డున స్నానఘట్టం, మెట్ల వరుసలతో కూడిన ప్రేక్షక ప్రాంగణం వీటిలో ముఖ్యమైనవి. కార్తికేయ, అష్టభుజస్వామి ఆలయాలు వెలుగు చూడడంతో విజయపురి కేవలం బౌద్ధ క్షేత్రం కాదని స్పష్టమైనది.

తరలింపు

అన్నిటినీ తరలించుట అసాధ్యం. ఎంపిక చేసిన తొమ్మిది కట్టడాలను కొండపై పునర్నిర్మించారు. వీటిలో మహాచైత్యం, స్నానఘట్టం ఉన్నవి. ప్రేక్షక ప్రాంగణాన్ని, హారీతి ఆలయాన్ని కుడి గట్టున గల అనుపు వద్ద నిలిపారు. జలాశయం నిండిన తరువాత కొండ ద్వీపమైనది. అక్కడి మ్యూజియం 1966లో ప్రారంభమైనది.

సందర్శకులు గమనించవలసిన విషయం, ఈ కట్టడాలేవీ తమ అసలు చోట లేవు. ఏది ఏ పొరలో, దేని పక్కన దొరికినదో తెలుసుకొనుటకు అప్పటి పటాలు, ఛాయాచిత్రాలు, నివేదికలే ఆధారం. ఆ నివేదిక మొదటి సంపుటి 1975లో రాగా, చారిత్రక యుగానికి సంబంధించిన రెండవ సంపుటి 2006లో గాని వెలువడలేదు.

తరువాతి కాలంలో శ్రీశైలం జలాశయం వలన కూడా ఇటువంటి అవసరమే ఏర్పడినది. కృష్ణా, తుంగభద్రల సంగమం వద్ద కూడవెల్లిలో ఉండిన సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి నిర్మించారు.