సిలోన్ పాటల మీద బెంగ: దాని పుట్టుపూర్వోత్తరాలు

కొలంబోలో 1920లలో తొలిసారి గ్రామఫోను పాటను గాలిలోకి వదిలిన ట్రాన్స్‌మిటర్, పట్టుబడిన ఒక జర్మన్ జలాంతర్గామి రేడియో భాగాలతో తయారైంది. తంతి శాఖలో పనిచేసే ఎడ్వర్డ్ హార్పర్ అనే ఇంజనీరు సెంట్రల్ టెలిగ్రాఫ్ ఆఫీసులోని ఒక చిన్న గదిలో దాన్ని అమర్చాడు. ఓడల్ని ముంచడానికి సముద్రం అడుగున తిరిగిన సామగ్రి చివరికి పాటలు వినిపించడానికి పనికొచ్చింది. 1925 డిసెంబరులో అక్కడ రేడియో కేంద్రం మొదలైంది. ‘రేడియో సిలోన్’ అనగానే ముఖం వికసించే తెలుగువాళ్లు నేటికీ ఉన్నారు. వాళ్ల యౌవనమంతా అల్లుకుపోయిన ఆ స్టేషను పుట్టుక ఇదీ.

దాని రెండో పుట్టుక కూడా యుద్ధంతోనే. 1944లో మౌంట్‌బాటన్ తన ఆగ్నేయాసియా సేనాకేంద్రాన్ని ఢిల్లీ నుంచి క్యాండీకి మార్చాడు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన సైనికులకు కాలక్షేపం కోసం ‘రేడియో సియాక్’ అనే కేంద్రం పెట్టారు. దానికోసం కొలంబోకు ఉత్తరాన ఎకల అనే చోట 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ నిలబెట్టారు. అది పని మొదలుపెట్టేసరికి యుద్ధమే ముగిసింది. ఇంటికి తీసుకెళ్లే ఓడ కోసం ఎదురుచూసే సైనికులకే అది ఎక్కువగా పాటలు వినిపించింది. 1949లో ఆ కేంద్రం సిలోన్ ప్రభుత్వం చేతికి వచ్చింది.

సైనికుల బెంగకూ పాటకూ చుట్టరికం ఇంకా పాతది. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి స్విట్జర్లండ్‌లోని బాసెల్‌లో ఇంటి మీద బెంగను ఒక జబ్బుగా వర్ణిస్తూ సిద్ధాంతవ్యాసం రాశాడు. 1768లో తత్వవేత్త రూసో తన సంగీత నిఘంటువులో మరో వింత చెప్పాడు. పరాయి రాజుల కొలువులో ఉన్న స్విస్ సైనికులు తమ కొండల్లో పశువుల్ని పిలిచే పాట వింటే ఏడ్చేవారట, సైన్యం వదిలి పారిపోయేవారట, ప్రాణాలు కూడా విడిచేవారట. అందుకని వాళ్ల దగ్గర ఆ పాట వాయిస్తే మరణశిక్ష అన్నారట. ఆ పాటలో వేరే మహత్తు ఏమీ లేదనీ, వినేవాళ్లకు తమ పల్లె, పడుచుదనం గుర్తుకు రావడమే దాని బలమనీ రూసో వివరించాడు. సిలోన్ అభిమానుల గుండెలో ఏముందో ఇంతకన్నా సూటిగా చెప్పినవాళ్లు లేరు.

మళ్లీ రేడియో దగ్గరికి వస్తే, కొలంబో కేంద్రం మొదలయ్యాక మన వైపూ రేడియో అడుగులు త్వరత్వరగా పడ్డాయి. 1933లో హైదరాబాదులో దక్కన్ రేడియో, 1938లో మద్రాసు కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం వచ్చాయి. అసలు కథ 1952లో మొదలైంది.

ఆ ఏడు బాలకృష్ణ విశ్వనాథ్ కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయ్యారు. హిందుస్తానీ గాత్రం నేర్చుకున్న మనిషి. సినిమా పాటలు జనం అభిరుచిని పాడుచేస్తున్నాయని గట్టిగా నమ్మారు. ఆకాశవాణిలో వాటి వాటా పదో వంతు మించకూడదన్నారు. సినిమా పేరు చెబితే ప్రచారం చేసినట్టవుతుంది కాబట్టి గాయకుల పేర్లు మాత్రమే చెప్పాలన్నారు. నిర్మాతలు ఒప్పుకోలేదు, పాటల హక్కులు వెనక్కి తీసుకున్నారు. కొన్ని నెలల్లోనే దేశం మొత్తానికీ వినిపించే రేడియోలో సినిమా పాట దాదాపు మాయమైంది.

ఆకాశవాణికి ఇలాంటి పట్టుదల కొత్తేమీ కాదు. మన రాగాల గమకాలు హార్మోనియం మెట్ల మీద పలకవంటూ 1940లో దాన్ని గాలిలోంచి వెలివేశారు. తెలుగునాట పౌరాణిక నాటకాల పద్యాలకు ఊపిరిపోసిన వాయిద్యం అది. ఆ కట్టు సడలడానికి 1971 దాకా పట్టింది.

కేస్కర్ మూసిన తలుపు కొలంబోలో తెరుచుకుంది. రేడియో సిలోన్ వాణిజ్య విభాగం 1950లోనే మొదలైంది. ఆకాశవాణిలో ప్రకటనలకు చోటు లేనందువల్ల భారతీయ కంపెనీలు అటు బారులు తీరాయి. సైనికుల కోసం నిలబెట్టిన ఎకల ట్రాన్స్‌మిటర్ భారతదేశమంతటికీ సునాయాసంగా అందేది. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ, టెన్సింగ్ శిఖరం మీద ట్రాన్సిస్టర్ తిప్పితే మొదట పలికింది సిలోనేనని అభిమానులు చెప్పుకుంటారు. వాళ్లు ఎక్కింది 1953 మేలో. ట్రాన్సిస్టర్ రేడియో అమెరికాలో అంగళ్లకు వచ్చిందే 1954 చివర. కాబట్టి అది జరిగిన సంగతి కాదు. అయినా ఆ కథను అంతమంది నమ్మారంటే ఆ స్టేషను అందని చోటు లేదన్న నమ్మకం ఎంత బలంగా ఉండేదో తెలుస్తుంది.

1952 డిసెంబరులో సిలోన్‌లో ‘బినాకా గీత్‌మాలా’ అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం మొదలైంది. దానికి డబ్బు పెట్టింది టూత్‌పేస్టు కంపెనీ. గొంతు ఇరవయ్యో ఏడు నిండబోతున్న అమీన్ సయానీది. తొలి రోజుల్లో అది పోటీ కార్యక్రమం. ఏడు పాటలు వినిపిస్తే, వాటిని జనాదరణ వరుసలో పేర్చి శ్రోతలు ఉత్తరం రాయాలి. సరిగా పేర్చినవాళ్లకు వంద రూపాయల బహుమతి. మొదటి కార్యక్రమానికే తొమ్మిది వేల ఉత్తరాలొచ్చాయనీ, ఏడాది తిరిగేసరికి వారానికి అరవై వేలు దాటాయనీ సయానీ చెప్పేవారు. అన్ని ఉత్తరాలు విప్పి చూడటం ఎవరి తరమూ కాక, 1954లో పోటీని మానేసి పాటలకు స్థానాలు ఇవ్వడం మొదలుపెట్టారు. కార్యక్రమం తయారయ్యేది బొంబాయిలో. టేపులు విమానంలో కొలంబో వెళ్లేవి, పాట మళ్లీ సముద్రం దాటి మన ఇళ్లకొచ్చేది. బుధవారం రాత్రి ఎనిమిది కొడితే రేడియో ఉన్న ఇంటి అరుగు నిండిపోయేది. పాటలు కోరుతూ రాసే ఉత్తరాల పుణ్యమా అని, ఇప్పటి జార్ఖండ్‌లోని ఝుమ్రీ తలైయా అనే అభ్రకం గనుల ఊరు దేశమంతా తెలిసిపోయింది.

తెలుగువాళ్లకు సిలోన్ అంటే అనౌన్సర్ మీనాక్షీ పొన్నుదురై. పేరులో తమిళం, పలుకులో తెలుగు. పాట కోరిన శ్రోతల పేర్లూ ఊళ్లూ ఆమె వరసగా చదువుతుంటే, తమ పేరు సముద్రం అవతలి నుంచి వినిపించిన రోజు ఆ ఇంట పండగే.

కేస్కర్ పట్టుదల వల్ల ఒక మేలు కూడా జరిగింది. సినిమా పాట ఖాళీ చేసిన చోట ఆకాశవాణి లలిత సంగీతాన్ని పెంచింది. కృష్ణశాస్త్రి, దాశరథి, బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వంటివారి పాటలూ బాణీలూ తెలుగిళ్లలోకి వచ్చాయి. పాటను వాక్యం వాక్యంగా నేర్పిన రేడియో అది. ఆ సంప్రదాయం ఇవాళ చాలా సన్నగిల్లిపోయింది.

మిగతాది చాలామందికి గుర్తున్నదే. శ్రోతలు చేజారుతున్నారని 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధభారతిని తెచ్చింది. 1967లో అందులోకి ప్రకటనలొచ్చాయి. తెలుగు కేంద్రాల్లో ‘జనరంజని’ సినిమా పాటలకు చిరునామా అయింది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ మొదలై, ‘చిత్రలహరి’ కోసం వీధి వీధంతా ఒకే ఇంట్లో కూర్చునే రోజులొచ్చాయి. 1987లో ‘రామాయణ్’ వచ్చాక ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీ అయ్యేవి. 2020 లాక్‌డౌన్‌లో దాన్ని మళ్లీ వేస్తే, ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది.

1989లో మోరిస్ హోల్‌బ్రుక్, రాబర్ట్ షిండ్లర్ అనే అమెరికన్ పరిశోధకులు రకరకాల వయసులవాళ్లకు వేర్వేరు కాలాల పాటలు వినిపించారు. తమకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లున్నప్పుడు మారుమోగిన పాటలకే జనం ఎక్కువ మార్కులిచ్చారు. రూసో కనిపెట్టిందే వీళ్లు లెక్కకట్టారు. వ్యాపారులకూ ఈ సంగతి తెలుసు. 2017లో సారెగమ కంపెనీ అయిదు వేల పాత పాటలు నింపి, పాతకాలపు రేడియోలా కనిపించే ‘కార్వాన్’ పెట్టెను అమ్మకానికి పెట్టింది.

కాబట్టి సినిమా పాటలకు వచ్చిన ముప్పేమీ లేదు. వాటికి యజమానులున్నారు, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఉన్నారు. పోతున్నది పాటకూ పాటకూ మధ్య ఉన్న మాట. అనౌన్సర్ పలకరింపు, ఉత్తరాల్లోని పేర్లు, ఊళ్ల జాబితా, ఒక్కసారి ప్రసారమై ఊరుకున్న లలితగీతం, రేడియో నాటకం. వీటికి అంగట్లో గిరాకీ లేదు. ఒకప్పుడు ఎంతోమంది టేప్‌రికార్డరును రేడియో పక్కన పెట్టి వీటిని క్యాసెట్లలోకి ఎక్కించుకున్నారు. ఇప్పుడవి అటకల మీద బూజు పడుతున్నాయి. అయస్కాంత టేపు తేమకూ ఏళ్లకూ తట్టుకోదు. మీ ఇంట్లో అలాంటి క్యాసెట్ ఉంటే, మధ్యలోని మాటలు కత్తిరించకుండా, మొత్తాన్నీ ఈ ఏడాదే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. దాని మీద తేదీ, స్టేషను పేరు రాసిపెట్టండి.