పన్నెండేళ్లు నడిచి పోయిన రైలు

కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలు నడిచింది. కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా 45 కిలోమీటర్ల బ్రాంచి లైను. కోనసీమ గుమ్మం దాకా వచ్చి ఆగిన బండి అది. కోటిపల్లి రేవులో గోదావరి పాయ గౌతమిని దాటితే అవతలి ఒడ్డు ముక్తేశ్వరం, ఆపైన అమలాపురం. కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి డెల్టాలో ధాన్యం, కొబ్బరి కాలువల మీద పడవల్లోనే సాగేవి. అలాంటి సీమకు రైలు అంత దగ్గరగా రావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఆ ముచ్చట పన్నెండేళ్లే. రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావలసి వచ్చింది. 1940లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ లైను పట్టాలు పీకించి తరలించేసింది. ఇక్కడి జనం కోరని యుద్ధం కోసం ఇక్కడి జనం ఎక్కే రైలును తీసేశారు. దేశంలో ఇలా పోయిన బ్రాంచి లైన్లు చాలానే ఉన్నాయి. కేరళలో షోరనూరు–నీలంబూరు లైను, కాంగ్రా లోయలో నగ్రోటా–జోగిందర్‌నగర్ ముక్క కూడా ఆ యుద్ధానికే బలయ్యాయి.

స్వాతంత్ర్యం వచ్చాక మొదటి పంచవర్ష ప్రణాళికలో, యుద్ధకాలంలో పీకేసిన లైన్లలో సుమారు 430 మైళ్లు తిరిగి వేశారు. నీలంబూరుకు, జోగిందర్‌నగర్‌కు 1954లో మళ్లీ రైలు వచ్చింది. కోటిపల్లికి మాత్రం రాలేదు. రెండు తరాలు గడిచిపోయాయి. రామచంద్రపురం పెద్దవాళ్లు చెబితే తప్ప అక్కడొకప్పుడు రైలు ఆగేదని పిల్లలకు తెలియని కాలం వచ్చేసింది.

మళ్లీ కదలిక తెచ్చింది జి.ఎం.సి. బాలయోగి. గోదావరి ఒడ్డున యెదుర్లంకలో పుట్టి, అమలాపురం నుంచి పార్లమెంటుకు వెళ్లి, 1998లో లోక్‌సభ స్పీకర్ అయిన మనిషి. రేవు దాటడమంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయన స్పీకర్‌గా ఉండగానే 2000–01లో కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల కొత్త లైను మంజూరైంది. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. 2004లో కాకినాడ–కోటిపల్లి లైను తిరిగి తెరుచుకున్నప్పుడు చూడటానికి ఆయన లేరు. పీకేసిన పట్టాలు మళ్లీ పడటానికి అరవై నాలుగేళ్లు పట్టింది.

ఆ లైను మీద చాలాకాలం తిరిగింది రైలుబస్సు. ఒకే ఒక్క పెట్టె. కొవిడ్ రోజుల్లో అదీ ఆగింది. కోటిపల్లి రేవులో మోటారు సైకిళ్లను వరసగా పంటు మీదికెక్కించి, మనుషులు వాటిని పట్టుకుని నిలబడి ముక్తేశ్వరం చేరడం మాత్రం ఆగలేదు. రేవుకు దగ్గర్లోనే పట్టాలు ముగుస్తాయి.

అవతలికి పట్టాలు వేయడం తేలిక కాదన్నది నిజమే. కోనసీమకు ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వసిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. మూడు పాయల మీదా పొడవాటి వంతెనలు కట్టాలి. అంచనా వ్యయం 2,120 కోట్లకు చేరింది. అందులో నాలుగో వంతు రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. ఆ వాటా సొమ్ము సమయానికి అందకపోవడం, కొబ్బరి తోటల మధ్య భూసేకరణ నత్తనడక నడవడం వల్ల ఏళ్లకేళ్లు పోయాయి. గౌతమిలో పిల్లర్లు లేచాయి గానీ రైలు మాత్రం ఇంకా రాలేదు.

దీనితో పోల్చి రైల్వే విద్యుదీకరణ ఎలా సాగిందో చూడండి. దేశంలో తొలి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి వీటీ నుంచి కుర్లాకు నడిచింది. 25 కిలోవోల్టుల ఏసీ పద్ధతిని 1957లో ఎంచుకున్నారు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు పని మెల్లగానే సాగింది. 2018 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం మిగిలిన 13,675 కిలోమీటర్లకూ ఒక్కసారే 12,134 కోట్లు మంజూరు చేసింది. అక్కడి నుంచి పని పరుగెత్తింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి నూరు శాతం పూర్తయిందని రైల్వే ప్రకటించింది కూడా. అవతల నరసాపురానికి విజయవాడ, భీమవరం మీదుగా డబుల్ లైను, దానితో పాటే కరెంటు తీగలు వచ్చేశాయి.

విద్యుదీకరణకు కొత్తగా భూమి పెద్దగా అక్కర్లేదు, రాష్ట్రం వాటా కోసం ఎదురుచూడాల్సిన పనీ లేదు. ఉన్న పట్టాల పక్కన స్తంభాలు పాతితే సరిపోతుంది. కొత్త లైనుకు నది, పొలం, రెండు ప్రభుత్వాలు అడ్డుపడతాయి. ఈ తేడా ఒప్పుకోవలసిందే. అయినా పాతికేళ్లంటే ఎక్కువే. 2018లో కరెంటు పనికి చేసినట్టు, గడువు పెట్టి, డబ్బంతా ఒక్కసారి కేటాయించిన రోజున ఏ పనైనా కదులుతుందని రైల్వే తానే రుజువు చేసింది.

ఈ లైను పూర్తయితే కాకినాడ నుంచి నరసాపురానికి రాజమండ్రి చుట్టు తిరగక్కర్లేదు. అంబాజీపేట కొబ్బరికి లారీ ఒక్కటే దిక్కు కాదు. అమలాపురం 2022లో జిల్లా కేంద్రమైంది. ఆ ఊళ్లో రైల్వే స్టేషను ఈనాటికీ లేదు. కేంద్రం, రాష్ట్రం కలిసి కూర్చుని, వాటా సొమ్ము ఏ నెలలో ఎంత ఇస్తారో, మూడు వంతెనలూ ఏ తేదీకి ముగిస్తారో ప్రకటించాలి. కోనసీమ వాళ్లు కూడా తమ ప్రతినిధులను గట్టిగా అడగవలసింది ఆ తేదీ గురించే.