ప్రూఫ్‌రీడ్ పేజ్

స్కాన్ చేసిన పుస్తకాల పాఠాన్ని వాలంటీర్లు దిద్దడానికి వికీసోర్స్ వాడే మీడియావికీ పొడిగింపు. తెరపై ఒక పక్క పుట బొమ్మ, మరో పక్క ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్) తీసిన పాఠం ఉంటాయి. రెంటినీ పోల్చుకుంటూ దిద్దుకుపోవడమే పని. దిద్దని పుటకు ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, మరొకరు సరిచూస్తే ఆకుపచ్చ. తాను దిద్దిన పుటను తానే ఆకుపచ్చ చేసుకునే వీల్లేదు. ఇందులో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు ఇదే. పుటలను తర్వాత అధ్యాయాలుగా కూర్చి చూపుతారు.

ఈ పద్ధతికి ముందు నడక నేర్పింది డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌కు సాయంగా చార్లెస్ ఫ్రాంక్స్ 2000లో దాన్ని ప్రారంభించాడు. ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరం, 1 అంకె కలగాపులగం కాకుండా అక్కడ ప్రత్యేకంగా ఒక ఫాంటే తయారుచేసుకున్నారు.

తెలుగులో తిప్పలు వేరు. అచ్చు కాస్త చెదిరితే ‘మనము’ కాస్తా ‘వునవుు’ అయి కూర్చుంటుంది. ఘ, ఫ తారుమారవుతాయి. ‘వు’ను ఒక్క మీటతో ‘మ’గా మార్చే చిన్న స్క్రిప్టు గంటల శ్రమ తగ్గిస్తుంది, కానీ ‘ఆవు’ను ‘ఆమ’ చేసే ప్రమాదమూ దానితోనే వస్తుంది. పాత పుస్తకాల అరసున్న, బండి ఱలను తప్పులనుకుని తీసేయకుండా ఇలాంటి సాధనానికి ముందే చెప్పాలి.