నిజాం రాష్ట్ర రైల్వే బస్సుల శాఖ

మన రోడ్డు రవాణా సంస్థ చరిత్రను 1958 జనవరి 11 నుండి, అనగా ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన దినము నుండి, ఆరంభించుట కొందరికి పరిపాటి. ఇది పేరును బట్టి చేసిన గణనయే గాని వస్తుతత్త్వమును బట్టి చేసినది కాదు. హైదరాబాదు సంస్థానమున 1932 జూను నెలలోనే నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పినది.

ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ రైల్వే అంతకు పూర్వము ఇంగ్లండునందలి కంపెనీ చేతిలో నుండెను. 1930లో నిజాం ప్రభుత్వము దానిని కొనినది. ఆ కాలమున బ్రిటిషు ఇండియాలో ప్రైవేటు మోటారు బస్సులు రైళ్ల రాబడికి గండికొట్టుచుండెను. ఇచట రైలును బస్సును ఒకే యజమానివి. బస్సు రైలునకు పోటీ కాక తోడగుటకు వీలు కలిగినది. నా దృష్టిలో ఈ శాఖ పుట్టుకకు వాహనముల సంఖ్య కన్న ఈ ఏక యాజమాన్యమే ముఖ్యము.

1950లో రైల్వే కేంద్ర ప్రభుత్వమునకు సంక్రమించినది. బస్సులు మాత్రము 1951 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ శాఖయై వేరుపడినవి.

బస్సుల నంబరులలోని 'జెడ్' అక్షరము ఏడవ నిజాము తల్లి జహ్రా బేగము పేరిట వచ్చినదని జనశ్రుతి. జనశ్రుతిని జనశ్రుతిగనే గ్రహింపవలెను. అయినను 1956లో రాష్ట్రము మారిన పిదపను, 1958లో సంస్థ పేరు మారిన పిదపను, ఆ అక్షరము బస్సుల పలకలపై కొనసాగినది.