అడుగునా, పక్కనా, విడిగానా? డెవలపర్ టూల్స్ చోటు మారిన కథ

ఎఫ్12 నొక్కితే పేజీ అడుగునో కుడిపక్కనో డెవలపర్ టూల్స్ తెరుచుకుంటాయి. అమీర్‌పేటలో నా దగ్గర వెబ్ పని నేర్చుకునే పిల్లల దృష్టిలో అది బ్రౌజర్‌తో పాటే పుట్టిన ఏర్పాటు. విడి విండోలో కూడా పెట్టుకోవచ్చని చెబితే ‘ఎందుకు సార్, ఇక్కడే బాగుంది కదా’ అంటారు. నేను ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో ఉన్నవన్నీ విడి విండోలే. పనిముట్టును పేజీకే అతికించవచ్చన్న ఆలోచన ఇంకా ఎవరి చేతుల్లోనూ రూపం దిద్దుకోలేదు. ఈ చోటు ఎలా మారిందో, ఎందుకు మారిందో తెలిస్తే ఏ పనికి ఏది నప్పుతుందో పిల్లలే తేల్చుకోగలరని నా నమ్మకం. అందుకే ఏటా కొత్త బ్యాచ్‌కి మొదట ఈ కథ చెబుతాను.

అన్నిటికన్నా పాత పనిముట్టు ‘వ్యూ సోర్స్’. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజర్‌లోనే అది ఉంది. నెట్‌స్కేప్‌లో సోర్స్ వేరే విండోలో తెరుచుకునేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అయితే దాన్ని తీసుకెళ్లి నోట్‌ప్యాడ్ చేతిలో పెట్టేది. అప్పట్లో ఒక పేజీ అంటే ఒక విండో. పది పేజీలు తెరిస్తే కింద టాస్క్‌బార్‌లో పది గళ్లు. అలాంటి చోట సోర్స్ ఇంకో విండోగా రావడం ఎవరికీ వింతగా అనిపించలేదు.

ఆ రెండు విండోలను పక్కపక్కన పెట్టుకుని నేను నేర్చుకున్న మొదటి పాఠం తెలుగు గురించే. యూనికోడ్ ఇంకా వాడుకలోకి రాని ఆ కాలంలో తెలుగు దినపత్రికల సైట్లు ఎవరి ఫాంటు వారు పెట్టుకునేవి. బ్రౌజర్‌లో చక్కని తెలుగు వార్త కనిపించేది. సోర్స్ తెరిచి నోట్‌ప్యాడ్‌లో చూస్తే తెలుగు అక్షరం ఒక్కటి ఉండేది కాదు, అర్థం పర్థం లేని రోమన్ అక్షరాలూ గుర్తులూ బారులు తీరి ఉండేవి. పేజీలో ఉన్నది రోమన్ కోడ్లు, వాటికి తెలుగు బొమ్మలు తొడిగింది ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో వార్త వట్టి చెత్త. తరువాత పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చి అలాంటి పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపింది. పాఠకుడి కంటికి ఆనేది వేరు, యంత్రం దగ్గర ఉన్నది వేరు అని నాకు ఏ పుస్తకం కన్నా గట్టిగా నేర్పింది ఆ నోట్‌ప్యాడ్ విండోయే.

1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్ తయారుచేశాక పేజీ చదివేది మాత్రమే కాకుండా నడిచేది కూడా అయింది. నడిచేది తప్పటడుగు వేస్తే ఎక్కడ వేసిందో చూపే సాధనం మాత్రం చాలాకాలం సరిగా లేదు. కోడ్‌లో అక్కడక్కడ అలర్ట్ పెట్టడం, పేజీ మీద పెట్టె లేచినప్పుడల్లా ఓకే నొక్కడం, ఇదీ మా డీబగ్గింగ్. లూప్ లోపల అలర్ట్ పడిందంటే ఓకే నొక్కలేక వేళ్లు నొప్పెట్టేవి. నెట్‌స్కేప్ 4లో అడ్రస్ గడిలో జావాస్క్రిప్ట్ అని రాసి పక్కన కోలన్ పెట్టి ఎంటర్ కొడితే కన్సోల్ విండో ఒకటి తెరుచుకునేది. ఆ కిటుకు తెలిసినవాడికి ఆఫీసులో గౌరవం ఉండేది.

నెట్‌స్కేప్ 1998 మార్చి 31న తన సోర్స్ కోడ్‌ను బయటపెట్టింది. దాని మీద పెరిగిన మొజిల్లాలో అసలైన పనిముట్లు పుట్టాయి. జో హెవిట్ డామ్ ఇన్‌స్పెక్టర్ రాశాడు. ఎడమవైపు పేజీలోని ట్యాగుల చెట్టు, కుడివైపు ఎంచుకున్న ట్యాగు వివరాలు. రాబర్ట్ గిండా వెంక్‌మన్ అనే జావాస్క్రిప్ట్ డీబగ్గర్ రాశాడు. ఆ పేరు ఘోస్ట్‌బస్టర్స్ సినిమాలో దయ్యాలు పట్టే పాత్రది. బ్రేక్‌పాయింట్ పెట్టి కోడ్‌ను మధ్యలో ఆపి, వేరియబుల్‌లో ఏముందో చూడగలగడం నాలాంటివాళ్లకు అప్పుడే దక్కింది. ఇవి రెండూ విడి విండోలే. తప్పులు చూపే జావాస్క్రిప్ట్ కన్సోల్ కూడా విడి విండోయే, పైగా మొత్తం బ్రౌజర్‌కంతా అది ఒక్కటే.

చిక్కు ఇక్కడే మొదలైంది. 2001 అక్టోబర్‌లో వచ్చిన మొజిల్లా 0.9.5లో ట్యాబులు చేరాయి. పేజీలన్నీ ఒకే విండోలోకి వచ్చాయి కానీ పనిముట్లు పాత పద్ధతిలోనే ఉండిపోయాయి. ఒక ట్యాబులో నేను రాస్తున్న పేజీ, ఇంకో ట్యాబులో మెయిల్, మరో దాంట్లో వార్తలు. కన్సోల్‌లో మాత్రం అన్ని పేజీల తప్పులూ ఒకే చోట కలిసి పారేవి. నా తప్పు ఏదో, వార్తల సైటు ప్రకటన చేసిన తప్పు ఏదో ఫైలు పేరు చదివి ఏరుకోవాలి. 1024 బై 768 తెర మీద బ్రౌజర్, ఎడిటర్, కన్సోల్, ఇన్‌స్పెక్టర్ ఒకదాని మీద ఒకటి కప్పుకునేవి. ఆల్ట్ ట్యాబ్ నొక్కి విండోలు తిప్పుతూ ఉంటే, వెతుకుతున్నది దొరికేసరికి ఏం వెతుకుతున్నామో మరిచిపోయేవాళ్లం. విడి విండో మీద ఈ తరంలో ఉన్న అయిష్టానికి బీజం అక్కడ పడిందని నా అభిప్రాయం. నిజానికి అక్కడ ఇబ్బంది పెట్టింది విండో విడిగా ఉండటం ఒక్కటే కాదు. ఆ విండో ఏ పేజీదో తెలియకపోవడం అంతకన్నా పెద్ద ఇబ్బంది.

2006 జనవరిలో ఒకే నెలలో రెండు జవాబులు వచ్చాయి. మొదటిది ఫైర్‌బగ్. రాసింది డామ్ ఇన్‌స్పెక్టర్ రాసిన జో హెవిట్టే. తన పాత పనిముట్టులోని లోటు ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది! ఫైర్‌బగ్ పేజీ అడుగున, అదే విండోలో తెరుచుకుంది. ఈ ట్యాబుకు ఈ ఫైర్‌బగ్, ఆ ట్యాబుకు ఆ ఫైర్‌బగ్. ట్యాబు మారిస్తే దానితో పాటే పనిముట్టూ మారేది. స్టేటస్ బార్ కుడి మూలన చిన్న గుర్తు, పేజీలో తప్పులుంటే అక్కడే ఎరుపు రంగులో లెక్క. ఇన్‌స్పెక్ట్ నొక్కి పేజీ మీద మౌస్ తిప్పితే ఏ పెట్టె ఎక్కడిదాకా ఉందో గీత గీసి చూపేది, అడుగున దాని హెచ్‌టీఎంఎల్, పక్కన సీఎస్ఎస్. పదహారు పిక్సెళ్లను పద్దెనిమిది చేస్తే పైన అక్షరం కళ్లముందే పెరిగేది. 2007 జనవరిలో 1.0 వచ్చేనాటికి నెట్‌వర్క్ పలక, డీబగ్గర్ అన్నీ ఆ ఒక్క చోటికే చేరాయి. ఈనాటి బ్రౌజర్లన్నిటి టూల్స్‌కూ నమూనా అదే. అంత చేసిన హెవిట్ కూడా విడి విండోను తీసివేయలేదు. కంట్రోల్ ఎఫ్12 నొక్కితే ఫైర్‌బగ్ బయటికి వచ్చేది. తన చేత్తో పేజీకి అతికించినవాడే విడదీసే దారి కూడా ఉంచాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అందుకే.

రెండో జవాబు ఆపిల్ వెబ్‌కిట్ బృందం ఇచ్చిన వెబ్ ఇన్‌స్పెక్టర్. అది మొదట్లో పేజీ మీద తేలే, వెనుక ఉన్నది కొంత కనిపించే ముదురు రంగు పలక. అదే ఏడాది జూన్‌లో వాళ్లు డ్రోసెరా అనే డీబగ్గర్ తెచ్చారు. డ్రోసెరా పురుగుల్ని పట్టి తినే మొక్క. అది విండో కూడా కాదు, సఫారీకి బయట నడిచే వేరే ప్రోగ్రాము. తరువాత ఆ పని కూడా వెబ్ ఇన్‌స్పెక్టర్‌లోకి వచ్చింది, ఇన్‌స్పెక్టర్‌కు పేజీ అడుగున అతుక్కునే బటన్ కూడా వచ్చింది.

మిగతావాళ్లు ఇదే దారిన నడిచారు. ఒపెరా 2008లో డ్రాగన్‌ఫ్లై తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో వచ్చిన క్రోమ్, వెబ్‌కిట్ ఇన్‌స్పెక్టర్‌ను విడి విండోగానే తెరిచింది. అడుగున అతికే వీలు తరువాత వచ్చింది. 2009 మార్చిలో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 ఎఫ్12 టూల్స్‌ను విడి విండోలో తెరిచి, కావాలంటే పిన్ చేసుకోమంది. ఫైర్‌ఫాక్స్ సొంత టూల్స్ మొదట చెల్లాచెదురుగా ఉండేవి. 2011లో వెబ్ కన్సోల్ పేజీ పైభాగాన వేలాడేది, స్క్రాచ్‌ప్యాడ్ విడి విండోలో వచ్చేది. 2013లో చాలావాటిని ఒక టూల్‌బాక్స్‌లో చేర్చారు. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57 పాత ఎక్స్‌టెన్షన్లను ఆపేయడంతో ఫైర్‌బగ్ శకం ముగిసింది.

ఈ లోపల తెరల ఆకారం మారింది. ల్యాప్‌టాప్‌లు 1366 బై 768కి వచ్చేశాయి, వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. అడుగున టూల్స్ తెరిస్తే పేజీకి మిగిలేది చిన్న పట్టీ. 2012లో క్రోమ్‌లో కుడిపక్కకు అతికే వీలు రావడం చాలామందికి ఊరట. కానీ 2010 మేలో ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ గురించి రాసిన వ్యాసంతో మా పనే మారిపోయింది. అప్పటినుంచి పేజీ విండో వెడల్పును బట్టి రూపం మార్చుకుంటోంది. పక్కన టూల్స్ తెరిచామంటే పేజీ వెడల్పు తగ్గినట్టే, అంటే మనం పరీక్షించాలనుకున్న పేజీని మనమే మార్చేసినట్టు. ఫోన్ కొలతలో చూపే మోడ్‌లు, ఫైర్‌ఫాక్స్‌లో 2012 నుంచి, క్రోమ్‌లో 2014 నుంచి, కొంత ఆదుకున్నాయి. అవి ఫోన్ రూపానికి సరే. పెద్ద తెర రూపం చూడాలంటే పేజీకి పూర్తి వెడల్పు కావాలి.

తెలుగు పేజీలు చేసేవారికి ఇది ఇంకా ముఖ్యం. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. ఇంగ్లీషు కోసం పెట్టిన లైన్ హైట్‌లో తెలుగు శీర్షిక వేస్తే ఒక వరుస వత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది, లేదా పెట్టె అంచు దగ్గర వత్తు తెగిపోతుంది. ‘రాష్ట్ర’లో కింద ఉన్న వత్తులు సగమే కనిపిస్తున్నాయనుకోండి. సరిచేద్దామని కుడిపక్కన టూల్స్ తెరుస్తాం. వెడల్పు తగ్గి మాటలు వేరే చోట విరుగుతాయి, ‘రాష్ట్ర’ ఇంకో వరుసలోకి పోతుంది, తెగిన వత్తు మాయమవుతుంది. టూల్స్ మూస్తే మళ్లీ తెగుతుంది. అడుగున పెడితే వెడల్పు మారదు, విడి విండోలో పెడితే వెడల్పూ ఎత్తూ రెండూ మారవు. అందుకే తెలుగు లేఔట్ చూసేటప్పుడు కుడిపక్క వద్దని నా విద్యార్థులకు గట్టిగా చెబుతాను.

డీబగ్గర్ సంగతి మరొకటి ఉంది. బ్రేక్‌పాయింట్ దగ్గర పేజీ ఆగినప్పుడు దాన్ని చూపే పనిముట్టు ఆగకూడదు. పేజీకీ పనిముట్టుకూ వేరు వేరు ప్రాసెస్‌లు ఉండే క్రోమ్‌లో అది తేలిక. అందువల్ల ఈనాడు టూల్స్ పేజీకి అతికి కనిపించినా లోపల అవి విడివే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌నే డీబగ్ చేసే బ్రౌజర్ టూల్‌బాక్స్ ఇప్పటికీ వేరే ప్రాసెస్‌లో, విడి విండోలోనే నడుస్తుంది, ఎందుకంటే ఆగిపోయిన బ్రౌజర్ తన లోపలి సంగతి తానే చూపలేదు. క్రోమ్ డెవలపర్ టూల్స్ కూడా ఒక వెబ్ పేజీయే. వాటిని విడి విండోగా తీసి, అక్కడ కంట్రోల్ షిఫ్ట్ ఐ నొక్కితే టూల్స్‌నే ఇన్‌స్పెక్ట్ చేయవచ్చు. నా క్లాసులో పిల్లల కళ్లు మెరిసే ఘట్టాల్లో ఇదొకటి.

మరి ట్యాబు మాటేమిటి? టూల్స్‌ను పేజీ పక్కన ఇంకో ట్యాబుగా తెరవాలనేవాళ్లు ఉన్నారు. విండోలు పెరగవు, ఏది ఎక్కడుందో పైనే కనిపిస్తుంది. చదవడానికి మాత్రమే ఉన్నదానికి ట్యాబు బాగా నప్పుతుంది. క్రోమ్ సోర్స్‌ను ట్యాబులోనే చూపుతుంది, ఫైర్‌ఫాక్స్ కూడా 2015లో సోర్స్‌ను విడి విండో నుంచి ట్యాబులోకి మార్చింది. అది సరైన నిర్ణయం. కానీ సీఎస్ఎస్ మారుస్తూ పేజీ చూడాలంటే ట్యాబు పనికిరాదు. ఒక ట్యాబు పైకి వస్తే ఇంకొకటి మరుగున పడుతుంది, ఏం మారిందో చూడటానికి ప్రతిసారీ అటూ ఇటూ తిరగాలి. పేజీ మన తెర మీద లేనప్పుడు ఈ లోటు ఉండదు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి దానిలోని పేజీని డీబగ్ చేసేటప్పుడు పేజీ చేతిలో ఉంటుంది, పనిముట్టు కంప్యూటర్‌లో ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ 2019లో తెచ్చిన కొత్త డీబగ్గింగ్ పేజీ అలాంటి టూల్‌బాక్స్‌ను ట్యాబులో తెరుస్తుంది. రెండు ఫోన్లు కలిపితే రెండు ట్యాబులు, గందరగోళం లేదు.

కాబట్టి నా తీర్పు ఇది. రంగులూ ఖాళీలూ చక్కదిద్దే పనికి అడుగున అతికిన పలక, లేఔట్ కొలతలకూ పొడుగాటి డీబగ్గింగ్‌కూ విడి విండో, వీలైతే రెండో తెర మీద. ఫోన్‌లో ఉన్న పేజీకి ట్యాబు. క్రోమ్‌లో కంట్రోల్ షిఫ్ట్ డి నొక్కితే టూల్స్ ఇప్పుడున్న చోటికీ అంతకుముందున్న చోటికీ మధ్య మారుతుంటాయి. ఈ మీట అలవాటు చేసుకోండి. బ్రౌజర్లు తయారుచేసేవారికి ఒక విన్నపం. క్రోమ్‌లో ఐదు పేజీల టూల్స్ విడిగా తీస్తే ఐదు విండోలవుతాయి, వాటిని ఒక్క విండోలో ట్యాబులుగా చేర్చే దారి లేదు. పేజీలకు ఎప్పుడో ఇచ్చిన ఆ సౌకర్యాన్ని పనిముట్లకు కూడా ఇవ్వండి.