డీజిల్ లారీ: యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఇంజిన్ హద్దు దాటదు.. కారణం ఇదే!

న్యూట్రల్‌లో ఉన్న లారీ యాక్సిలరేటర్‌ను చివరిదాకా తొక్కి పట్టినా ఇంజిన్ వేగం ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది. అలా ఆగకపోతే కనెక్టింగ్ రాడ్లు విరిగి ఇంజిన్ ముక్కలయ్యే ప్రమాదం ఉంది. మరి దాన్ని ఆపుతున్నది ఏంటి?

పెట్రోల్ ఇంజిన్‌లో యాక్సిలరేటర్ తొక్కితే లోపలికి వెళ్లే గాలి పెరుగుతుంది. డీజిల్ తీరు వేరు. గాలి దారి సాధారణంగా తెరిచే ఉంటుంది. వేగమైనా, లాగుడైనా సిలిండర్‌లో పడే డీజిల్ కొలత మీదే ఆధారపడతాయి.

గవర్నర్ ఏం చేస్తుంది?

పాత లారీల్లో ఈ కొలత చూసేది డీజిల్ పంపుకు ఉండే గవర్నర్. ఇందులో చిన్న బరువులు గిర్రున తిరుగుతుంటాయి. వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకుని పంపులోని ర్యాక్‌ను వెనక్కి లాగుతాయి. డీజిల్ తగ్గుతుంది. వేగం పడిపోతే స్ప్రింగ్ మళ్లీ ముందుకు తోస్తుంది. ఐడ్లింగ్‌లో బండి ఆగిపోకుండా ఉండేది కూడా అందుకే.

సీలు తీస్తే ఏమవుతుంది?

ఎక్కువ లాగుడు కోసం కొందరు పంపు సీలు తీసి డీజిల్ పెంచుతారు. ఉన్న గాలికి మించి డీజిల్ పడితే పూర్తిగా మండదు. నల్లపొగ వస్తుంది. వేడి పెరిగి పిస్టన్లు, టర్బో దెబ్బతింటాయి.

బీఎస్-6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఈ తరం లారీల్లో ఆ లెక్కంతా ఈసీయూ చూస్తుంది. వేగం, టర్బో గాలి, వేడి ఎంతున్నాయో సెన్సర్లు చెబితే, దాన్ని బట్టి ఇంజెక్టర్లు తెరుచుకుంటాయి. ఇంజిన్ మరీ వేడెక్కితే ఈసీయూనే పవర్ తగ్గించేస్తుంది.

ఇవీ పరిమితులు..

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పొరపాటున మరీ చిన్న గేరు వేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పేస్తాయి. డీజిల్ పూర్తిగా ఆపినా వేగం తగ్గదు. అందుకే దిగుడు మొదలవకముందే వేగం తగ్గించి, తగిన గేరు వేసుకోవాలి.

టర్బో సీలు పాడై ఇంజిన్ ఆయిల్ సిలిండర్లలోకి వెళ్తే ముప్పు ఇంకా పెద్దది. ఆ ఆయిలే ఇంధనంలా మండుతుంది. తాళం తీసినా ఇంజిన్ ఆగకపోవచ్చు. గాలి దారి మూస్తే ఆగుతుంది. ఆ పని చేతితో మాత్రం చేయకూడదు. అలాంటప్పుడు ఇంజిన్‌కు దూరంగా జరగడమే మేలు.